నందలూరులో ఆగిన మేడ రైలు

రైలుకి మేడ ఉండి తీరాలని పట్టుబట్టిన మనిషిని నా జీవితంలో ఒక్కణ్ణే చూశాను. ఆయన పుట్టిన దేశంలో రైలే లేదు. ఆయన దగ్గర డ్రైవరుగా చేరిన నేను పుట్టిన సీమలోనూ రైలు లేదు. అయినా మేమిద్దరం కలిసి కువైట్‌లో, సల్వా అనే పేటలో, ఒక ఇంటి పై హాల్లో కొన్నేళ్ళపాటు రెండంతస్తుల రైలు నడిపాం. దానికి వేళలుండేవి, టిక్కెట్లుండేవి, ఎవరు పైన కూర్చోవాలి ఎవరు కింద కూర్చోవాలి అన్న తగాదాలుండేవి. దాని మూలంగా ఒక తల్లి తన కూతురి దగ్గరికి చేరింది కూడా. ఈ సంగతి ఎవరికి చెప్పినా నా మొహంలోకి ఒకసారి పరీక్షగా చూసి, వర్షాల గురించి మాట ఎత్తుకుంటారు. మా ఆవిడైతే పెళ్ళయిన కొత్తలోనే, ఆ రైలు కథ పుట్టింటివాళ్ళ దగ్గర ఎత్తనని నా చేత ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు ఇన్నాళ్ళూ నిలబెట్టుకున్నాను.

మొన్నామధ్య ఆ ఇంట్లో ఇప్పుడు పనిచేస్తున్న రాజోలు డ్రైవరు సెలవుకి వస్తూ నాకొక బూట్ల పెట్టె తెచ్చి ఇచ్చాడు. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కడుతున్నారట. సామాను సర్దుతుంటే మామాకి ఇది కనబడిందట. అక్కడ ఇంటి యజమానురాలిని పనివాళ్ళందరం మామా అనేవాళ్ళం, యజమానిని బాబా అనేవాళ్ళం. పెట్టె తెరిస్తే, ఊదు పొగ వాసన ఇంకా వదలని పాత తలగుడ్డలో చుట్టి, జానెడు కన్నా కాస్త పొడుగున్న ఎర్ర రైలుపెట్టె కనబడింది. రెండు వరసల కిటికీలు, కిటికీల వెనక మనుషులు. పై వరసలో ఒక కిటికీ దగ్గర సీటు ఖాళీగా ఉంది. పక్కనే చెవికమ్మలు దాచుకునే చిన్న డబ్బీలో, దూది మీద, చింతగింజంత ఆడమనిషి పచ్చ చీర కట్టుకుని కూర్చుని ఉంది. "ఇది ఓబులమ్మది, ఓబులమ్మకే చేరాలి" అని మాత్రం చెప్పి పంపిందట మామా.

మాతోపాటు ఆ ఇంట్లో పనిచేసిన ఓబులమ్మది నందలూరు. నేనిప్పుడుంటున్న రాజమండ్రి నుంచి అక్కడికి వెళ్ళడానికి వేరే దారులున్నాయి గానీ, ఈ పెట్టెని మామూలు రైల్లో తీసుకెళ్ళడం మర్యాదగా ఉండదనిపించింది. అందుకని తిరుపతి దాకా డబుల్ డెక్కర్‌కి టిక్కెట్టు తీశాను, అదీ పై అంతస్తులో. రైల్లో మెట్లెక్కుతుంటే నాకు నవ్వాగలేదు. పైన కప్పు వంపు తిరిగి నెత్తిని తాకేంత కిందికి ఉంది. పక్క సీటాయన లేచినప్పుడల్లా తల కొట్టుకుని, ప్రతిసారీ కొత్తగా ఆశ్చర్యపోతున్నాడు. కాళ్ళు చాపుకుందామని కాసేపు కింది అంతస్తుకి వెళ్ళి నిలబడితే, స్టేషన్ వచ్చినప్పుడు ప్లాట్‌ఫారం మీదివాళ్ళ చెప్పులూ, సంచుల అడుగుభాగాలూ మాత్రం కనబడ్డాయి. బాబా కలలుగన్న రైలు ఇదేనా అని ఒక పక్క నవ్వు, ఆయన చూడకుండానే పోయాడే అని ఒక పక్క బెంగ. ఒళ్ళో పెట్టె మూత కొంచెం తీసి, లోపలున్నవాళ్ళకి గాలి ఆడేలా పెట్టాను. పక్కాయన అది చూసి, ఏమీ అడక్కుండా కిటికీ వైపు తిరిగిపోయాడు.

మాది కోనసీమ, ముక్తేశ్వరం దగ్గర పల్లె. అవతలి ఒడ్డుకి వెళ్ళాలంటే రేవులో పంటు ఎక్కాలి. మనుషుల్నీ, సైకిళ్ళనీ, గేదెల్నీ, అప్పుడప్పుడూ పెళ్ళివారి వ్యానునీ కలిపి గోదావరి దాటించే పెద్ద పడవ అది. మా నాన్న దాని మీద టిక్కెట్లు చింపేవాడు. గల్ఫ్ పంపే ఏజెంటు నన్ను చూసి, "నాన్నగారేం చేత్తారు?" అన్నాడు. "టిక్కెట్లు చింపుతారండి" అన్నాను. "శుభం. ఆ ఇంటాయనకి రైళ్ళంటే పిచ్చంట" అని, వీళ్ళది రైల్వే కుటుంబం అని కువైట్‌కి ఫోన్లో చెప్పేశాడు. నాకు ఆ సంగతి తెలీదు. విమానాశ్రయంలో పాదాల దాకా జారే తెల్లటి దిష్‌దాషా వేసుకుని ఎదురొచ్చిన పెద్దాయన, కారెక్కగానే హిందీలో అడిగిన మొదటి మాట, మీ నాన్న రైలు ఎన్ని బోగీలు లాగేది అని. వచ్చిన కాస్త హిందీలో పంటు అంటే ఏమిటో వివరించాను. ఇంజను కింద ఉంటుంది, నడిపేవాడు పైన చిన్న గదిలో కూర్చుంటాడు అన్నాను. బాబా కారు పక్కకి తీసి ఆపేశారు. "పైన గది ఉందా? అంటే మేడ ఉంది!" అన్నారు. ఉందన్నాను. "నీళ్ళ మీద నడిచే రెండంతస్తుల రైలు" అని తనలో తాను అనుకుని, నా చెయ్యి పట్టుకుని ఊపారు. ఆ రోజునించీ ఆ ఇంట్లో నేను డ్రైవర్ని మాత్రమే కాదు, రైల్వేవాణ్ణి.

బాబా హిందీ బొంబాయి రేవులో నేర్చుకున్న హిందీ. ఆయన చిన్నతనంలో వాళ్ళ నాన్న అక్కడ ఖర్జూరాల వ్యాపారం చేసేవాడట. వీధిలో రెండంతస్తుల బస్సులు, స్టేషన్లో రైళ్ళు చూసి, ఈ రెండూ ఎందుకు కలపరు అని ఆ వయసులోనే ఆయనకి బాధ పట్టుకుంది. పెద్దయ్యాక యూరప్ వెళ్ళినప్పుడు నిజంగానే కలిపి ఉన్న రైలు ఎక్కి, పై అంతస్తులో కూర్చుని ఏడ్చానని చెప్పేవారు. పదవీ విరమణ అయ్యాక పై హాలంతా ఖాళీ చేయించి, గోడ నుంచి గోడ దాకా బల్ల వేయించారు. దాని మీద సున్నంతో కొండలు, కొండల మీద మంచు, మంచు పక్కన చెక్క ఇళ్ళు, అద్దంముక్కతో చెరువు. వాటన్నిటి చుట్టూ పట్టాలు. పట్టాల్లోంచి కరెంటు పోతుంది, ఆ కరెంటు తాగి ఇంజను నడుస్తుంది. బయట ఇసుకగాలి కిటికీలకి కొట్టుకుంటుంటే, లోపల ఏసీ చల్లదనంలో మంచుకొండల మధ్య చిన్న రైలు గుర్రుమంటూ తిరిగేది. ఆ హాల్లో వేడెక్కిన నూనె వాసన, కిందినుంచి ఏలకుల టీ వాసన, మామా వేసే ఊదు పొగ కలిసిపోయి ఉండేవి. ఇప్పటికీ కుట్టుమిషన్‌కి నూనె వేసినప్పుడు నాకు ముందుగా టీ తాగాలనిపిస్తుంది.

ఆ ఇంట్లో గడియారాలు చాలానే ఉండేవి గానీ ఎవరూ వాటిని చూసేవాళ్ళు కాదు. పొద్దున నేను బేకరీ నుంచి వేడి ఖుబ్జు రొట్టెలు తెచ్చేసరికి మొదటి బండి బయల్దేరాలి. అది కొండ చుట్టి వచ్చాక బాబాకి టీ. మధ్యాహ్నం బండి చివరి స్టేషన్ చేరితేనే భోజనం. శుక్రవారం ఫహాహీల్ నుంచి చేపలు తెచ్చే రోజు కాబట్టి బండి ఆలస్యంగా నడిచేది, దానికి పండగ వేళలు అని పేరు. మామా ఈ ఏర్పాటుని తిట్టని రోజు లేదు. కానీ మొగుడు తనంతట తాను వేళకి తిని, వేళకి పడుకుంటున్నాడు కాబట్టి, తిడుతూనే వంట ఆ వేళకే చేయించేది.

ఇక ఓబులమ్మ. ఇంటి పనంతా ఆమె మీదే నడిచేది. నాకన్నా బాగా పెద్దది, అందుకని అక్కా అనేవాణ్ణి, ఆమె నన్ను నాయినా అనేది. వాళ్ళ ఇల్లు నందలూరు స్టేషన్ వెనకాలే. పుట్టినప్పట్నించీ రైళ్ళ మోతలోనే పెరిగింది, అయినా ఆమెని బాబా ఎప్పుడూ రైల్వే మనిషిగా లెక్కేయలేదు, ఆమె వాళ్ళవాళ్ళెవరూ టిక్కెట్లు చింపలేదు కాబట్టి. బల్ల మీది రైలుని మొదటిసారి చూసినప్పుడు చేతిలో చీపురు అలాగే పట్టుకుని, "మేడ బండా? పైన కూచున్నోల్లు రోంత కునుకు తీసి పడితే కిందోల్ల నెత్తిన పడరా?" అంది. ఆ తర్వాత దుమ్ము తుడిచేటప్పుడు ఒక్క బోగీనీ పక్కకి జరపకుండా, మెత్తటి గుడ్డతో, పసిపిల్లకి ఒళ్ళు తుడిచినట్టు తుడిచేది.

ఆ ఏడాది ఓబులమ్మ మనసు మనసులో లేదు. కూతురికి తొలి కాన్పు. పురిటికి పిల్ల పుట్టింటికి వచ్చేసింది, ఆ పుట్టింట్లో చూడ్డానికి కళ్ళు సరిగా కనబడని ముసలి అత్త తప్ప ఎవరూ లేరు. సెలవు అడిగితే మామా "బాదేన్" అనేది. బాదేన్ అంటే తర్వాత. రంజాన్ తర్వాత అంది, పండగ తర్వాత అంది, సాల్మియా బజారులో కొనాల్సిన పెళ్ళి బట్టలు కొన్నాక అంది. మామా చెడ్డమనిషి కాదు. మోకాళ్ళ నొప్పులకి ఓబులమ్మ చేత్తో రాస్తే తప్ప ఆవిడకి నిద్రపట్టేది కాదు, ఓబులమ్మ లేని ఇల్లు ఎలా ఉంటుందో తలుచుకోవడానికే భయం. పాస్‌పోర్టు మామా బీరువాలో అత్తరు సీసాల కింద ఉండేది. ఓబులమ్మ గిన్నెలు తోముతూ, "తల్లి ల్యాని పురుడు ఏం పురుడు నాయినా. ఆడ నా బిడ్డ నొప్పులు పడ్తాంటే ఈడ నేను ఈళ్ళ పళ్ళేలు కడగతా ఉండాల్నా?" అనేది. అటువంటి మాటని మామాకి చేరవెయ్యడానికి నా హిందీ గానీ అరబ్బీ గానీ చాలదు.

అంతలో వేసవికి యూరప్ వెళ్ళొచ్చిన బాబా ఎర్ర రంగు కొత్త రెండంతస్తుల రైలు తెచ్చారు. దాని మొదటి పరుగు చూడ్డానికి దీవానియా స్నేహితులందర్నీ పిలిచారు. దీవానియా అంటే మగవాళ్ళు చేరి టీలు తాగుతూ లోకాన్ని చక్కబెట్టే గది. కొత్త బండి, దానికి పూజ లేకుండా ఎలా నడుస్తుంది? నేనూ ఓబులమ్మా దీని గురించి మాట్లాడుకోను కూడా లేదు. ఆమె పసుపూ కుంకుమా తెచ్చింది, నేను జమియా కొట్టునించి నిమ్మకాయలు తెచ్చాను. ఇంజను నుదుటన బొట్టు పెట్టి, ముందు చక్రాల కింద చెరో నిమ్మకాయా పెట్టాం. నిమ్మకాయ ఇంజనంత ఎత్తుంది. అది మా ఇద్దరికీ కనబడుతూనే ఉంది గానీ, పద్ధతి పద్ధతే కదా అనుకున్నాం. బాబా అతిథుల్ని వెంటబెట్టుకుని వచ్చి, సలాములు అయ్యాక, గర్వంగా మీట తిప్పారు. ఇంజను నిమ్మకాయ మీదికి ఎగబాకి, ఒక్క క్షణం ఆలోచించి, తన వెనకున్న మేడలన్నిటితో కలిసి అద్దం చెరువులో బోర్లా పడింది.

అబూ ఫైసల్ అనే స్నేహితుడు తలమీది నల్లటి ఇగాల్ తాడు జారిపోయేదాకా నవ్వాడు. బాబా మొహం కందగడ్డయింది. ఎవరి పని ఇది అన్నారు. నేను గోడకి అతుక్కుపోయాను. ఓబులమ్మ ముందుకొచ్చింది. "కొత్త బండికి నిమ్మకాయ తొక్కియ్యకుంటే యాక్సిడెంటు అయితాది బాబా" అంది. నేను దాన్ని హిందీలో చెప్పాను. బాబా చెరువులో పడున్న రైలుని చూసి, "అయింది కదా" అన్నారు. "ఇది చిన్నది బాబా, నిమ్మకాయ ల్యాకుంటే ఇంగా పెద్దదయ్యేది" అంది ఓబులమ్మ. బాబాకి బొంబాయి టాక్సీలు గుర్తొచ్చాయి. వాటి కింద కూడా నిమ్మకాయలు పెట్టేవాళ్ళు, నేను చూశాను అన్నారు మెల్లిగా. తర్వాత అతిథుల వైపు తిరిగి, పొరపాటు నిమ్మకాయది కాదు, కొలతది అని తీర్పు చెప్పారు. ఈ రైలు అసలు రైలులో ఎనభై ఏడో వంతు, కాబట్టి నిమ్మకాయ కూడా ఎనభై ఏడో వంతు ఉండాలి. అంత నిమ్మకాయ జమియాలో దొరకదు కాబట్టి నిమ్మగింజతో సరిపెట్టాం. ఆ రోజునించీ పొద్దునే కొండ వెనక ఒకే చోట, పట్టా మీద రసం చుక్కతో సహా తాజా నిమ్మగింజ పెట్టడం, బండి దాన్ని తొక్కడం ఇంటి ఆచారమైంది.

కొన్నాళ్ళకి బండి సరిగ్గా అక్కడే ఆగిపోవడం మొదలుపెట్టింది. రసానికి పట్టా చిలుమెక్కి కరెంటు అందడం లేదు. స్పిరిట్ పెట్టి తుడిచేస్తానన్నాను. బాబా ఒప్పుకోలేదు. బండి ఊరికే ఆగదు, ఆగిందంటే అక్కడ స్టేషన్ ఉండాలి, మనకి కనబడక పోవడం మన లోపం అన్నారు. ఏ స్టేషన్ అన్నాను. నేల తుడుస్తున్న ఓబులమ్మ తలెత్తకుండానే "నందలూరు" అంది. అంతే. అట్టతో స్టేషన్ కట్టాం. పసుపుపచ్చ పలక మీద నల్లటి అక్షరాలతో తెలుగులో నేను రాశాను, అరబ్బీలో బాబా రాశారు. వెనక మంచుకొండ, ముందు నందలూరు. అక్కడ వేపచెట్టు ల్యాకుంటే అది మా ఊరే కాదని ఓబులమ్మ మొండికేసింది. దేవదారు చెట్టు ఒకటి పీకి, ఆ చిల్లులో కొత్తిమీర కాడ గుచ్చింది. సాయంత్రానికి వాడిపోయేది, పొద్దునే కొత్త వేపచెట్టు నాటేది.

తర్వాత సమస్య ప్రయాణికులు. కొట్లో దొరికే బొమ్మలన్నీ టోపీలు పెట్టుకున్న దొరలూ దొరసానులూ. వీళ్ళు నందలూరుకి ఏం పని మీద వస్తారు అంది ఓబులమ్మ. ఆ మాట బాబాకి నచ్చింది. మామా పారేసిన గోళ్ళరంగు సీసాలు, అగ్గిపుల్లలు ముందేసుకుని మధ్యాహ్నాలు కూర్చునేవాళ్ళం. దొరసానుల టోపీలు గీకి కొప్పులు చేశాం, గౌన్లు చీరలయ్యాయి, అందరికీ బొట్లు పెట్టాం. కొందరికి బాబా దిష్‌దాషాలు వేశారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది బాబా తేల్చేశారు. కువైట్ హోటళ్ళలో పై అంతస్తు కుటుంబాలకి, కింద ఒంటరి మగవాళ్ళకి. రైలుకి మేడ ఉండటం ఎందుకో ఇప్పటికైనా తెలిసిందా అని నన్నడిగారు. ఆ లెక్కన పెళ్ళికాని నన్ను కింది అంతస్తులో, నీలం చొక్కా వేసి, బాత్రూము తలుపు పక్కన జిగురు పెట్టి అతికించారు. ఓబులమ్మ తన బొమ్మకి తానే పచ్చరంగు వేసుకుని పై అంతస్తులో కిటికీ పక్కన కూర్చుంది. జిగురు వద్దంది. "అతికిస్తే మల్లా దిగేదెట్ల?" అంది.

టిక్కెట్టు నందలూరుకి. మర్నాడు బండి నందలూరులో ఆగింది. బాబా చేతులు నోటికి అడ్డం పెట్టుకుని "నందలూర్, నందలూర్" అని కేకేసి, పట్టకారుతో బొమ్మని దింపబోయారు. ఓబులమ్మ బల్లకి అడ్డంగా నిలబడింది.

"దిగను బాబా."

"దిగేది నువ్వు కాదు కదా, బొమ్మ" అన్నారు బాబా.

"నేను ఈడ పళ్ళేలు తోమతాంటే నా బొమ్మ ఆడ యెట్ల దిగుతాది? దిగినాక బిడ్డ అడగదా, అమ్మ యాడ అని? నేను పోతే అదీ దిగుతాది. నేను పోకుంటే అదీ దిగదు."

నేను ఆ మాటని జాగ్రత్తగా హిందీలోకి మార్చాను. బాబా కుర్చీలో కూలబడ్డారు. ఆయన టీ చల్లారిపోయింది. చివరికి, మాట న్యాయంగానే ఉంది సత్తిబాబూ, అన్నారు నాతో. కానీ దిగాల్సిన ప్రయాణికురాలు దిగకుండా బండి కదపడం ఏ రైల్వేలోనూ లేదు, నా రైల్వేలో అసలు లేదు అని మీట మీద చెయ్యి తీసేశారు. ఓబులమ్మ ఇదంతా ఎత్తు వేసి చేసిందో, నిజంగానే అలా నమ్మిందో నాకప్పుడూ తెలీలేదు, అడిగే ధైర్యమూ చెయ్యలేదు.

ఎర్ర రైలు నందలూరులో నిలిచిపోయింది. అది కదిలితేనే ఆ ఇల్లు కదిలేది కదా. చివరి స్టేషన్ చేరలేదు కాబట్టి బాబా భోజనానికి దిగిరారు. బండి బయల్దేరలేదు కాబట్టి టీ వద్దంటారు. మామా చేయించిన మచ్బూస్ అన్నం మూతల కింద గడ్డకట్టేది. దీవానియాలో అబూ ఫైసల్, ప్రపంచంలో జనం ఎక్కని రైళ్ళు చూశాం గానీ జనం దిగని రైలు ఇదే చూడటం అన్నాడు. ఆ మాటకి బాబా అలిగి దీవానియాకి వెళ్ళడమూ మానేశారు. మందులు వేసుకోవడానికి కూడా వేళ తెలియక ఆయన ఒళ్ళు తూలడం మొదలయ్యాక, మామాకి అరికాలి మంట నెత్తికెక్కింది. మోకాళ్ళ నొప్పుల వల్ల ఏళ్ళ తరబడి మేడ ఎక్కని మనిషి, నా భుజం పట్టుకుని ఒక్కొక్క మెట్టూ ఎక్కి హాల్లోకి వచ్చింది. తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళి బండిని చేత్తో తోసెయ్యబోయింది. "తొయ్యకు, మనిషి ఉంది" అని అరిచారు బాబా.

మామా వంగి కిటికీలోకి చూసింది. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూసింది. ఇది నా గోళ్ళరంగు అంది ముందు. తర్వాత, ఈవిడెందుకు దిగట్లేదు అంది. ఓబులమ్మే తనకొచ్చిన అరబ్బీలో చెప్పింది, మా అమ్మాయికి బిడ్డ పుట్టబోతోంది, మొదటి బిడ్డ అని. అది ఆమె ఇంతకు ముందు ఎన్నోసార్లు చెప్పిన మాటే, అదే అరబ్బీలో. మామా మాత్రం అప్పుడే మొదటిసారి విన్నట్టు తలెత్తింది. వాళ్ళలోనూ ఆడపిల్ల పురిటికి తల్లి ఇంటికే వస్తుంది, నలభై రోజులు తల్లి దగ్గరే ఉంటుంది. మామా కూతురు అలా వచ్చినప్పుడు తల్లికీ బిడ్డకీ నీళ్ళు పోసింది ఓబులమ్మే. మామా బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "తొలి కాన్పా? ముందే చెప్పాలి కదా" అంది. "ఖలాస్" అంది మామా. నా భుజం పట్టుకుని మళ్ళీ ఒక్కొక్క మెట్టూ దిగి, అత్తరు సీసాల కింది పాస్‌పోర్టు తీసి, దాంతోపాటు కనుబొమలు పీక్కునే పట్టకారు కూడా తెచ్చింది. పాస్‌పోర్టు ఓబులమ్మ చేతిలో పెట్టి, పట్టకారుతో ఆ పచ్చచీర మనిషిని తానే ఎత్తి, నందలూరు ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చోబెట్టింది. బాబా మీట తిప్పారు. బండి కదిలింది. ఆ రోజు అందరం వేళ కాని వేళ భోజనం చేశాం, ఓబులమ్మ మాత్రం తినకుండా మూట సర్దుకుంది.

విమానాశ్రయానికి నేను కారు తీస్తుంటే బాబా వచ్చి వెనక కూర్చున్నారు. చేతిలో పచ్చజెండా, మెడలో ఈల. వద్దని చెప్పేవాళ్ళెవరు? ఓబులమ్మ రెండు తాళ్ళు కట్టిన దుప్పటి మూట, మామా ఇచ్చిన పసిబిడ్డ బట్టల సంచీ పట్టుకుని లోపలికి వెళ్ళే తలుపు దగ్గర వెనక్కి తిరిగింది. బాబా అంతమంది జనంలో జెండా ఊపి, గట్టిగా ఈల ఊదారు. పోలీసు పరిగెత్తుకొచ్చాడు. ఏమిటిది అన్నాడు. బండి బయల్దేరుతోంది అన్నారు బాబా. పోలీసు ఆయన వయసు చూసి, నన్ను చూసి, నువ్వైనా చెప్పు అన్నట్టు మొహం పెట్టాడు. నేను చెప్పలేకపోయాను, ఎందుకంటే నేనప్పటికే ఏడుస్తున్నాను.

ఓబులమ్మ తిరిగి రాలేదు. మనవరాలు బలహీనంగా పుట్టిందని, వదిలి రాలేనని కబురు పంపింది. మామా ముక్కు చీదుకుని శ్రీలంక మనిషిని పెట్టుకుంది. బెంచీ మీది బొమ్మని మాత్రం ఎవరూ తియ్యలేదు, నేను రోజూ కొత్తిమీర వేపచెట్టు నాటుతూనే ఉన్నాను. ఎర్ర రైలు రోజూ నందలూరులో ఆగేది, బాబా టీ తాగేంతసేపు నిలబడేది, ఆ తర్వాత కదిలేది. పట్టాకి పట్టిన చిలుము అనుకుని, ఒకరోజు ఆయన నమాజుకి వెళ్ళినప్పుడు స్పిరిట్‌తో తళతళలాడేలా తుడిచాను. మర్నాడు కూడా బండి అక్కడే ఆగింది. అప్పుడు చూశాను, మీట మీద బాబా బొటనవేలు. నేను చూడటం ఆయనా చూశారు. "ఎక్కుతుందేమో" అన్నారు. నేనక్కడ ఉన్నన్నాళ్ళూ ఒక్కరోజు కూడా ఆ బండి నందలూరులో ఆగకుండా పోలేదు. నేను వచ్చేసిన కొన్నేళ్ళకి బాబా పోయారు.

ఇప్పుడు కోనసీమ నుంచి కువైట్ వెళ్ళినవాళ్ళు పురిటి మంచం పక్కనున్న ఫోన్లోనే బిడ్డని చూసేస్తున్నారు. సెలవు దొరక్కపోయినా పేరు పెట్టడం దాకా అన్నీ తెర మీదే అయిపోతున్నాయి. మంచిదే. మాకు ఆ భాగ్యం లేదు, ఒక కబురు చేరడానికి ఎవరో ఒకరు సెలవుకి వెళ్ళాలి. కానీ నేనెక్కిన అసలు డబుల్ డెక్కర్ ప్రతి స్టేషన్లోనూ అలా ఆగి ఇలా కదిలిపోతుంటే, ప్లాట్‌ఫారం మీద సంచులతో పరిగెత్తుతున్నవాళ్ళని మేడ మీంచి చూస్తుంటే, నాకు చిరాకేసింది. ఒక్క నిమిషం ఆగితే ఏం పోయిందిరా అనిపించింది. ఎవరూ రారని తెలిసి కూడా ఆగిన రైలులో పనిచేసినవాణ్ణి నేను. నాకు అలవాట్లు చెడిపోయాయి.

తిరుపతి నుంచి రేణిగుంట, అక్కణ్ణించి ప్యాసింజర్ బండి పట్టుకుని నందలూరులో దిగాను. స్టేషన్ వెనకాలే ఇల్లు. ఓబులమ్మ అరుగు మీద కూర్చుని చేటలో కందులు ఏరుతోంది. జుట్టంతా నెరిసిపోయింది. నన్ను కాసేపు తేరిపార చూసి, "సత్తిబాబేనా? యాంది నాయినా, ఇంత లావైనావు!" అంది. మనవరాలు నర్సు కోర్సు చదువుతోందట. కూతురు లోపల్నించి మజ్జిగ తెచ్చింది. ఆ కూతురి కోసమే కదా అదంతా జరిగింది అనిపించి, ఆమెని కాస్త ఎక్కువసేపే చూశాను. తర్వాత పెట్టె తెరిచి రైలుపెట్టెనీ, డబ్బీనీ అరుగు మీద పెట్టాను. బాబా సంగతి చెప్పాను. ఓబులమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "మంచి మడిసి. రోంత తిక్క" అంది.

"నువ్వు దిగిపోయాక కూడా రోజూ నందలూరులో బండి ఆపేవారక్కా. నువ్వెక్కుతావేమోనని" అన్నాను.

ఆమె చేతిలో కందులు ఆగిపోయాయి. "రోజూనా?"

"నేనున్నన్నాళ్ళూ రోజూనక్కా. టీ చల్లారేదాకా."

ఓబులమ్మ రైలుపెట్టెని రెండు చేతులతో ఎత్తి మొహానికి దగ్గరగా పెట్టుకుంది. ఒక్కొక్క కిటికీలోకీ చూసింది. మేము గోళ్ళరంగుతో చేసిన మనుషులు, బొట్లు వెలిసిపోయి, అలాగే కూర్చుని ఉన్నారు. ఆమె మొహం మారిపోయింది. "ఈ అమ్మికి సంకలో బిడ్డ ఉండాది గదరా నాయినా. ఈ ముసిలాయప్పకి కూచోనేకి ఓపిక ఉండాదా? ఈల్లంతా నా కోసరం ఇన్నేండ్లు కూచోనుండారా?" అంది. నా మీద విరుచుకుపడింది. "ఆయమ్మ రాదు, పోండి అని ఒక మాట జెప్పగూడదా నువ్వు? ఎంతమందికి లేటయ్యిందో!"

నేను తల వంచుకుని మజ్జిగ తాగాను. ఓబులమ్మ కింది వరసలోకి వంగి చూసి, "నువ్వూ ఈడనే ఉండావే!" అంది. బాత్రూము తలుపు పక్కన, నీలం చొక్కాలో, నేను. గాజుకి తగిలించుకున్న పిన్నీసు తీసి, పాత జిగురు గీకి గీకి, నన్ను ఊడబెరికి అరుగు మీద పెట్టింది. డబ్బీలోంచి పచ్చచీర ఆమెని తీసి నా పక్కన కూర్చోబెట్టింది. ఇద్దరం దిగామో లేదో ఒకసారి సరిచూసుకుంది. అప్పుడు చేట పక్కకి జరిపి, రైలుపెట్టెని నున్నటి అరుగు మీద పెట్టి, చూపుడువేలితో వెనకనించి మెల్లగా తోసింది.

"పోండి నాయినా, ఇంగ పోండి" అంది. "శానా సేపు ఆపినాము మిమ్మల్ని."